గెజిటెడ్ చెవులకు మాత్రమే

మొట్టమొదట ఒక్క సంగతి చెప్పేస్తాను. ఈ వ్యవహారంలో తప్పు చేసినవాళ్ళు ఎవరూ లేరు. అందరూ నిబంధనల ప్రకారమే నడుచుకున్నారు. అందుకే వ్యవహారం ఇంతదూరం వచ్చింది.

మాది రాష్ట్ర శబ్ద భాండాగారం, విశాఖపట్నం ప్రాంతీయ కార్యాలయం. అలాంటిదొకటి ఉందని మీకు తెలియకపోతే సిగ్గుపడనక్కర్లేదు. మా శాఖ మంత్రిగారికీ మొన్నటిదాకా తెలీదు. పాత హరికథలు, నాటకాల పద్యాలు, కచేరీలు, అన్నీ కలిపి పదకొండు వేల నాలుగువందల ఆరు గ్రామఫోను ప్లేట్లు మా బీరువాల్లో ఉన్నాయి. ఎవరైనా వచ్చి ఫారం నింపి ఇస్తే, సాయంత్రం ఆరింటిదాకా శ్రవణ మందిరంలో కూర్చోబెట్టి వినిపిస్తాం. ప్లేటు మీద ముల్లు పెట్టేది ఆపరేటరు బోని అప్పలనర్సయ్య. ఫారం పుచ్చుకునేది నేను. పేరు పేరి సోమయాజులు, హోదా సూపరింటెండెంటు. ముప్పై నాలుగేళ్ళ సర్వీసులో నా మీద ఒక్క ఆడిట్ అభ్యంతరం లేదు. బీరువా తాళాలు నా మొలతాడుకే ఉంటాయి. స్నానానికి వెళ్ళినా తియ్యను.

పోయిన వేసవిలో జర్మనీ నుంచి మాకొక పార్సిలు వచ్చింది. అక్కడి సాంస్కృతిక సంఘమేదో బహుమానంగా పంపింది. కూడా ఒక ఉత్తరం. యాభై ఏళ్ళ కిందట ఆ దేశంలో కొందరు కుర్రాళ్ళు వయొలిన్లూ పియానోలూ పక్కన పడేసి, మీటలూ తీగలూ ఉన్న కరెంటు పెట్టెలతో సంగీతం వాయించారట. అప్పట్లో నల్ల ప్లేట్లుగా వచ్చిన ఆ సంగీతాన్నే ఇప్పుడు రంగురంగుల ప్లేట్ల మీద మళ్ళీ అచ్చు వేస్తున్నారట. సంగీతం అదే, రంగొక్కటే కొత్త. అయినా జనం తెల్లారకముందే కొట్ల ముందు బారులు తీరుతున్నారని రాశారు. పాత చీరకు అద్దకం వేయించి మళ్ళీ కట్టుకోవడం మన ఆడవాళ్ళకే తెలుసనుకున్నాను, జర్మనీవాళ్ళకీ తెలుసన్నమాట.

పార్సిలు విప్పితే అయిదు ప్లేట్లు. ఒకటి ఎరుపు, ఒకటి ఆకుపచ్చ, ఒకటి నీలం, ఒకటి తెలుపు, ఒకటి గాజుపలకలా ఇటునుంచి అటు కనిపించేది.

స్టాకు రిజిస్టరు తీశాను. అందులో 'రంగు' అని ఒక గడి ఉంది. మొదటి ప్లేటు దగ్గర ఎవరో మహానుభావుడు 'నలుపు' అని రాశాడు. అక్కణ్ణుంచి పదకొండు వేల నాలుగువందల అయిదు ప్లేట్లకూ 'డిటో'. ఆ పరంపరను తెంపే పాపం నా కలానికి వచ్చింది. 'ఎరుపు' అని రాయబోతూ ఆగిపోయాను. రంగు అనగానే మాన్యువల్లో నలభై ఒకటో నిబంధన మెదిలింది.

ఆ నిబంధన నాకు కంఠోపాఠం: "ఆకుపచ్చ వర్ణము గెజిటెడు అధికారులకు మాత్రమే ప్రత్యేకింపబడినది. తదితర సిబ్బంది దానిని ఎట్టి రూపమునను వినియోగింపరాదు." ఆకుపచ్చ సిరా గురించి కదా అని మీరనొచ్చు. సిరా అన్న మాట అందులో లేదు. వర్ణము అని ఉంది. ఎట్టి రూపమునను అని ఉంది. రాసినవాళ్ళు మనకంటే తెలివితక్కువ వాళ్ళా?

నేనలా మాన్యువల్ పట్టుకుని నిలబడిపోయిన వేళలోనే అప్పలనర్సయ్య వచ్చాడు. బల్ల మీద ఆకుపచ్చ ప్లేటు అట్ట చూశాడు. చూసి కుర్చీ పట్టుకున్నాడు.

"బాబూ, ఇది ఆ ప్లేటేనండి! అట్టమీద ఈ బొమ్మే ఉండీది. నలుపు పోయి పచ్చనైపోనాది గానీ, అదేనండి బాబూ!"

"ఏ ప్లేటయ్యా?"

"నాకప్పుడు పద్దెనిమిదేళ్ళండి. మైకుసెట్టు కొట్లో పనిసేసీవోణ్ణి. రేవులో క్రేను బిగించడానికొచ్చిన జర్మనీ ఇంజినీరు ఎల్లిపోతన్నాడని కలబ్బులో పార్టీ ఎట్టినారు. ఆ దొర ఈ ప్లేటు నా సేతికిచ్చి ఎయ్యమన్నాడు. ఏసినాను. ఏటుందనుకున్నారు? పాట నేదు, మాట నేదు. రేకుల మీద సినుకు పడ్డట్టు టప్ మని ఒకటి. కాసేపాగి ఇంకోటి. అలగ పెరిగీ పెరిగీ, గాలి నేచి, మబ్బు కమ్మీసి, ఇంక దబదబా కొట్టీద్ది వాన అనగా ఆ పక్క అయిపోనాది. తిప్పుదుమని ప్లేటు సేత్తో అట్టుకున్నాను, కరెంటు పోయింది. కరెంటొచ్చీసరికి దొర ప్లేటట్టుకుని రైలెక్కీసినాడు."

అంతా చెప్పి నా వంక చూశాడు. అరవై రెండేళ్ళ మనిషి, కళ్ళు మాత్రం ఆ కొట్లో కుర్రాడివే.

"నలబై నాలుగేళ్ళైనాదండి. ఆ వాన పడిందో నేదో నాకు తెల్దు. ఈ నెలాకరికి రిటైరైపోతన్నాను. రెండో పక్క ఓపాలి ఇనీసి ఎల్లిపోతాను బాబూ. ఇంకేటీ అడగను."

నాకు జాలేసింది. నిజంగానే వేసింది. కానీ జాలికి మాన్యువల్లో నిబంధన లేదు. "అప్పలనర్సయ్యా, నువ్వు నాన్ గెజిటెడ్. అది ఆకుపచ్చ. ఎట్టి రూపమునను వినకూడదు" అన్నాను. అతను నేను హాస్యమాడుతున్నాననుకుని నవ్వాడు. నేను నవ్వకపోయేసరికి నవ్వు దానంతటదే ఆగిపోయింది.

మర్నాడు ఉప సంచాలకులు డాక్టర్ తురగా నీలకంఠం గారు అత్యవసర సమావేశం పెట్టారు. మా ఆఫీసు మొత్తానికి గెజిటెడ్ అధికారి ఆయనొక్కరే. మాట్లాడితే గెజెట్ చదివినట్టే ఉంటుంది. ఇంట్లో పప్పులో ఉప్పు తక్కువైనా "లవణ పరిమాణమును పునస్సమీక్షించవలసి ఉన్నది" అంటారని వారి శ్రీమతి మా టైపిస్టు మేరీ సుజాతతో చెప్పుకున్నారట.

"సూపరింటెండెంటు గారు అత్యంత కీలకమైన అంశాన్ని వెలికితీశారు," అన్నారు నీలకంఠం గారు. "వర్ణరహిత దృష్టితో ఈ ప్లేట్లను వినియోగించినచో పరిపాలనా సౌధం పునాదులే కదలిపోవును. కావున వర్ణానుసారంగా విధివిధానాలను ఖరారు చేయడమైనది."

ఎరుపు అంటే అత్యవసరం. ఇరవై నాలుగు గంటల్లో పరిష్కరించాలి. పరిష్కరించడమంటే మా భాషలో ఇంకో ఆఫీసుకు పంపడం. సాయంత్రానికే పంపేశాం. అది నాలుగు ఆఫీసులు తిరిగి వారానికి మళ్ళీ మా దగ్గరికే వచ్చింది. ప్రతివాళ్ళూ 'తగు చర్య నిమిత్తం' అని దాని మీద చీటీ అంటించారు. ప్లేటు మధ్యలో చిల్లు ఉండడం వల్ల ట్యాగు వెయ్యడానికి భలే వీలుగా ఉందని ఒకాయన మెచ్చుకుంటూ రాశాడు కూడా.

తెల్లది శ్వేతపత్రం కిందికి వస్తుందన్నారు నీలకంఠం గారు. శాసనసభ ముందు పెట్టనిదే బయటపెట్టకూడదు. ఇనప్పెట్టెలోకి వెళ్ళింది. అటూ ఇటూ కనిపించేది పారదర్శకం కాబట్టి సమాచార హక్కు కింద ఎవరడిగినా చూపించాలి. వినిపించమని చట్టంలో లేదు, చూపించమనే ఉంది. రిటైరైన లెక్కల మాస్టారొకాయన దరఖాస్తు పెట్టుకుంటే చూపించాం. ఆయన దాంట్లోంచి మా సీలింగు ఫ్యానును కాసేపు తిలకించి తృప్తిగా వెళ్ళిపోయారు. ఇక నీలం రంగు మా గుమాస్తాల సిరా. దాన్ని సిబ్బంది ప్రతి గురువారం మూడింటికి విధిగా వినాలని ఉత్తర్వు వచ్చింది. విన్నాం. చాలా ప్రశాంతంగా ఉంది. మొదటి గురువారమే ముగ్గురు గురక పెట్టారు.

మిగిలింది ఆకుపచ్చ.

"దీనిని నేను మాత్రమే వినవలసి ఉన్నది," అన్నారు నీలకంఠం గారు, ఆ మాట అంటున్నప్పుడు ఆయన ముఖంలో పెద్ద సంతోషమేమీ కనపడలేదు. "అప్పలనర్సయ్యా, రేపు పదకొండింటికి ఏర్పాటు చెయ్యి."

"అలాగేనండి" అని అప్పలనర్సయ్య లేచాడు. లేచినవాణ్ణి నేనే ఆపాల్సొచ్చింది. ముల్లు పెట్టేవాడు గదిలో ఉంటాడు. గదిలో ఉంటే వింటాడు. వింటే ఆకుపచ్చను వినియోగించినట్టే.

"మరి బయట జనం వచ్చి అడిగితే?" అంది మేరీ సుజాత.

"మాన్యువల్ సిబ్బందికే గానీ ప్రజలకు వర్తించదు. వాళ్ళు నిక్షేపంలా వినొచ్చు. కానీ వాళ్ళకైనా పెట్టాల్సింది ఇతనే కదా!" అన్నాను.

"అంటే అందరూ వినొచ్చు, పెట్టేవాడు తప్ప. పెట్టేవాడు వినకూడదు కాబట్టి ఎవరూ వినకూడదు. అంతేనాండీ?"

"బాగా అర్థం చేసుకున్నావమ్మా" అన్నాను మెచ్చుకోలుగా. ఆవిడ నా వంక అదోలా చూసింది.

అప్పలనర్సయ్య చెవుల్లో దూది పెట్టి చూద్దామని నీలకంఠం గారు ప్రతిపాదించారు. పరీక్షకు త్రిసభ్య కమిటీ వేశాం. ఒక్కో చెవికీ అరచేతి వెడల్పు దూది కుక్కి, గోడవైపు తిప్పి నిలబెట్టాం. వెనకాల మేరీ సుజాత బల్ల మీద రూళ్ళకర్రతో బాదింది. కదల్లేదు. పేరు పెట్టి పిలిచింది. కదల్లేదు. కమిటీ సంతకాలు పెట్టబోతుండగా ఆవిడ గుసగుసగా, "డీఏ అరియర్సు వచ్చాయట" అంది. అప్పలనర్సయ్య చటుక్కున వెనక్కి తిరిగి "ఎంతండీ?" అన్నాడు. దూది ప్రతిపాదన వీగిపోయింది.

ఇక వేరే దారి లేక, నీలకంఠం గారే స్వయంగా ముల్లు పెట్టడానికి సాహసించారు. గెజిటెడ్ అధికారి ఆపరేటరు పని చెయ్యడం హోదాకు భంగం కాబట్టి, ఆ అరగంటా సాధారణ సెలవు పెట్టారు. శ్రవణ మందిరం తలుపుకు గుండ్రటి అద్దం ఒకటి ఉంది. అప్పలనర్సయ్య బయట అద్దం దగ్గర నిలబడి చేతుల్తో సైగలు చేస్తే, లోపల ఆయన అలాగే చెయ్యాలి. గది తలుపు జానెడు మందం, చప్పుడు బయటికి రాదు. మొదట ఆయన ప్లేయరు మూత మీద ముల్లు పెట్టారు. తర్వాత ప్లేటు మీదే పెట్టారు గానీ మీట నొక్కలేదు. అప్పలనర్సయ్య ఇవతల చేతులు తిప్పీ తిప్పీ చెమటలు కక్కాడు. మొత్తానికి ప్లేటు తిరిగింది. నీలకంఠం గారు చేతులు కట్టుకుని, ఎవరో చెబుతున్న ఫిర్యాదు వింటున్నట్టు, తలపంకిస్తూ విన్నారు. ముల్లు చివరికి రాగానే లేచి బయటికొచ్చేశారు.

"అయ్యా, రెం..." అని అప్పలనర్సయ్య ఏదో అనబోయాడు.

"ప్రశ్నలు లిఖితపూర్వకంగా" అంటూ ఆయన వెళ్ళిపోయారు.

అప్పుడొచ్చింది నాకు ఆలోచన. నా గొప్ప చెప్పుకోవడం కాదు గానీ, మాన్యువల్ను నాలా ప్రేమించినవాడికే అలాంటివి వస్తాయి. గెజిటెడ్ అధికారి అసలు కాయితం చూసి, నకలు మీద 'నిజప్రతి' అని ఆకుపచ్చ సంతకం చేస్తే, ఆ నకలు ఎక్కడైనా చెల్లుతుంది కదా? మరి ఆయన అసలు శబ్దం విన్నారు. ఆ శబ్దానికి ఆయన నోటితో నకలు తీసి ధ్రువీకరిస్తే, దాన్ని నాన్ గెజిటెడ్ సిబ్బంది వినడానికి ఏ అడ్డూ లేదు!

నీలకంఠం గారు మొదట మొహమాటపడ్డారు. "నాకు సంగీత పరిజ్ఞానం స్వల్పం" అన్నారు. ప్లేటులోనూ స్వల్పమేనండి అని మేరీ సుజాత ధైర్యం చెప్పింది. సమావేశ మందిరంలో సభ పెట్టాం. సిబ్బంది పధ్నాలుగు మంది, టీ ఉంటుందని తెలిసి వచ్చిన బీచి వాకర్ల సంఘం సభ్యులు పాతిక మంది. అప్పలనర్సయ్య మొదటి వరసలో, ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చున్నాడు.

నీలకంఠం గారు గొంతు సవరించుకున్నారు. నిలువునా నిలబడ్డారు.

"టప్" అన్నారు.

ఆయన గడియారం చూసుకున్నారు.

"టప్."

అలా పదమూడు నిమిషాలు. టప్పులు టపటపలయ్యాయి, టపటపల్లోకి 'ఝుయ్' మని గాలి వచ్చి కలిసింది. ఎవరూ అనుకోలేదు గానీ, ఆయనకు నిజంగా ఊపు వచ్చేసింది. కోటు విప్పేశారు. ఇరవై ఏళ్ళుగా సర్క్యులర్లు చదివిన ఆ గొంతులో అంత వాన ఎక్కడ దాక్కుందో! చివర్లో రెండు చేతులూ పైకెత్తి, మబ్బు కమ్ముకొస్తున్నట్టు "ఊఁ..." అని సాగదీసి, టక్కున ఆపి కూర్చున్నారు. చప్పట్లు మార్మోగాయి. వాకర్ల సంఘం అధ్యక్షుడు లేచి, తన మోకాళ్ళ నొప్పి తగ్గినట్టుందని ప్రకటించాడు. నీలకంఠం గారు చెమట తుడుచుకుని 'నేను విన్నదానికి ఇది నిజప్రతి' అన్న కాయితం మీద ఆకుపచ్చ సిరాతో సంతకం చేశారు. నేను ముద్ర వేశాను.

అప్పలనర్సయ్య చెయ్యెత్తాడు.

"బాగా సేసినారయ్యా. ప్లేటుని ఏగంగా తిప్పీసినట్టున్నారు, సినుకులు పరిగెట్టీసినాయి. అదేటి పరవానేదు. మరి రెండో పక్కండి?"

"రెండో పక్క అనగా?"

"ప్లేటుకి ఎనకాల కూడా ఉంటాదండి. తిప్పాలండి."

నీలకంఠం గారు నా వైపు తిరిగారు.

"సూపరింటెండెంటు గారూ, ఏ పుటకైనా వెనుక భాగమున విషయము ఉన్నచో అడుగున 'వెనుక చూడుము' అని సూచించుట ఆనవాయితీ. సదరు ప్లేటుపై అట్టి సూచన ఉన్నదా?"

భూతద్దం పెట్టి చూశాను. జర్మను భాషలో బోలెడు రాసి ఉంది గానీ, 'వెనుక చూడుము' అని మాత్రం లేదు.

"లేదండి."

"కావున రెండవ వైపు అధికారికంగా లేనట్లే భావించడమైనది. సభ ముగిసినది."

అప్పలనర్సయ్య చాలాసేపు ఆ కుర్చీలోనే కూర్చుండిపోయాడు. నలభై నాలుగేళ్ళ కిందట కరెంటు పోయినచోటే మళ్ళీ పోయింది. ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు. ఉన్నమాట చెప్తున్నాను, నాకు సిగ్గేసింది. కానీ దేనికి సిగ్గుపడాలో తెలియలేదు, ఎందుకంటే నేను చేసిందంతా సక్రమమే.

మర్నాడు మేరీ సుజాత తన సెల్లులో అదే సంగీతం వెతికి పట్టి, "ఇదిగో బాబాయ్, రెండో వైపు. నొక్కితే చాలు" అంటూ అప్పలనర్సయ్య చేతిలో పెట్టింది. అతను రెండు చెవులూ మూసుకున్నాడు.

"వద్దమ్మా. ప్లేటు తిప్పి, తుడిసి, నా సేత్తో ముల్లెట్టి ఇనాల. అందాకా ఆగినోణ్ణి, సెల్లులో ఇనీడానికి ఆగినానేటి?"

ఈలోగా గోరుచుట్టు మీద రోకటిపోటులా జర్మనీ నుంచి జవాబొచ్చింది. శ్రవణ వినియోగ నివేదికతో పాటు నీలకంఠం గారి నిజప్రతిని కూడా సభలోనే రికార్డు చేసి వాళ్ళకు పంపాం. అది వాళ్ళకు తెగ నచ్చేసింది. మనిషి నోటితో ఇంత సాహసోపేతమైన భాష్యం తామెన్నడూ వినలేదనీ, దాన్ని మూడువందల ప్రతులు రంగు ప్లేటుగా అచ్చు వేస్తామనీ, రంగు ఎంచుకోమనీ రాశారు. ఇక నీలకంఠం గారు నేల మీద నడవలేదు. రంగుల కొట్టు నుంచి గోడ రంగుల కార్డులు తెప్పించి బల్లంతా పరిచారు. "చిలకపచ్చ గంభీరంగా ఉన్నదా, పిస్తాపచ్చయా?" అని వచ్చినవాళ్ళందరినీ అడిగేవారు. ఆకుపచ్చ వేయిస్తే మన సిబ్బంది ఎవరూ వినలేరండి అన్నాను. "ప్రపంచం వింటుంది" అన్నారు. అప్పలనర్సయ్య రెండో వైపు గురించి పెట్టుకున్న దరఖాస్తులు ఆ కార్డుల కింద ఎక్కడో ఉండిపోయాయి. మొత్తం తొమ్మిది.

ముప్పై ఒకటో తారీకు వచ్చేసింది. సాయంత్రం నాలుగింటికి వీడ్కోలు సభ. శాలువా కప్పాం, దండ వేశాం. నీలకంఠం గారు "శ్రీ అప్పలనర్సయ్య సేవలు శబ్దరూపంలో చిరస్థాయిగా నిలుచును" అని ఉపన్యసించారు.

"ఏమయినా కోరిక ఉన్నచో నిస్సంకోచంగా తెలుపుము" అన్నారు చివర్లో.

"రెండో పక్కండి" అన్నాడు అప్పలనర్సయ్య.

"ప్రతిపాదన పంపుము. సానుకూలంగా పరిశీలించెదము" అని చెప్పి, ఆయన కారెక్కి రంగుల కొట్టుకు వెళ్ళిపోయారు.

సరిగ్గా అయిదింటికి అప్పలనర్సయ్య హాజరు పట్టీలో ఆఖరి సంతకం పెట్టాడు. ప్లేట్లు తుడిచే మెత్తటి గుడ్డ, ముళ్ళ డబ్బీ, ప్లేయరు తాళం లెక్కగా నాకప్పగించాడు. ముళ్ళ డబ్బీ ఇచ్చేటప్పుడు ఒక్క క్షణం వదల్లేదు. "వస్తాను బాబూ" అని మెట్లు దిగి గేటు దాటి వెళ్ళిపోయాడు. ఒక మనిషి జన్మలో అడిగిందే ఒక్కటి, అదీ బీరువాలోనే ఉంది, బీరువా తాళమూ నా మొలకే ఉంది. మాన్యువల్ను మొదటిసారి కోపంగా మూశాను.

ఎనిమిది నిమిషాల తర్వాత ప్రజల కౌంటరు గంట మోగింది. వెళ్ళి కిటికీ తీశాను. అవతల అప్పలనర్సయ్య, మెడలో దండతో సహా. చేతిలో టైపు చేసిన ఫారం. మేరీ సుజాత టైపు నాకు తెలుసు.

"ఏంటయ్యా ఇది?"

"ఫారమండి. నింపినాను. సూసుకోండి."

అలవాటు చొప్పున మొదలుపెట్టాను. "పేరు?"

"బోని అప్పలనర్సయ్య."

"వృత్తి?"

"ఏటీ నేదండి. ఎనిమిది నిమిషాలైనాది."

వినగోరు ప్లేటు: ఆకుపచ్చ. వైపు: రెండు. ఇతనిప్పుడు సిబ్బంది కాదు, ప్రజ. ప్రజకు నలభై ఒకటో నిబంధన వర్తించదు. శ్రవణ మందిరం ఆరింటిదాకా తెరిచే ఉంటుంది. ఒక్కటే అడ్డు, ముల్లు పెట్టే ఆపరేటరు నాన్ గెజిటెడ్. కానీ అయిదింటి నుంచి ఆ పోస్టు ఖాళీ! పోస్టు ఖాళీగా ఉన్నప్పుడు అర్హుడైన బయటి నిపుణుణ్ణి సూపరింటెండెంటు ఉత్తరం రాసి పిలవొచ్చని పదిహేడో నిబంధన. జిల్లా మొత్తానికి అర్హుడు ఒక్కడే. అతను నా కిటికీ ముందే నిలబడి ఉన్నాడు.

ముప్పై నాలుగేళ్ళ సర్వీసులో ఇంత నిబంధనాబద్ధమైన దరఖాస్తు నేను చూడలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గబగబా ఉత్తరం రాసి, ముద్ర కొట్టి, కిటికీలోంచి అందించాను. అప్పలనర్సయ్య దాన్ని నిదానంగా రెండుసార్లు చదివాడు.

"నిపుణుడి గారికి ఈలుంటాదో నేదో, ఆలోసించి కబురెడతానండి" అన్నాడు.

"అప్పలనర్సయ్యా!"

"సరే, వస్తాను నెండి. ఎందుకలాగ కంగారు!"

బీరువా తెరిచి ఆకుపచ్చ ప్లేటు, దాంతో పాటే గుడ్డ, ముళ్ళ డబ్బీ, ప్లేయరు తాళం నేనే మోసుకెళ్ళి ఇచ్చాను. మొయ్యడం వినడం కాదు. అతను దాన్ని వెలుతురుకేసి పట్టుకుని చూశాడు. రెండో వైపుకు తిప్పాడు. మెత్తటి గుడ్డతో, పసిబిడ్డ ఒళ్ళు తుడిచినట్టు, గుండ్రంగా తుడిచాడు. నేను బయటికొచ్చి తలుపు మూశాను.

వరండాలో నేనూ మేరీ సుజాతా నిలబడ్డాం.

"మీరూ లోపలికెళ్ళి వినొచ్చు కదండీ. ఎవరు చూస్తారు?" అంది.

"మాన్యువల్ చూస్తుంది."

"మీ ఖర్మ" అంది ఆవిడ ఆప్యాయంగా.

ఉండబట్టలేక గుండ్రటి అద్దంలోంచి చూశాను. అప్పలనర్సయ్య వీపు కనిపిస్తోంది. మొదట నిటారుగా కూర్చున్నాడు. కాసేపటికి తల కొంచెం వాల్చాడు. ఎక్కడో మధ్యలో, మెల్లగా కుడిచెయ్యి చాపి, అరచెయ్యి పైకి తిప్పి అలాగే ఉంచాడు. ఎంతసేపుంచాడో నాకు తెలీదు. లోపల ఏం వినిపిస్తోందో తెలుసుకోవాలని నా ప్రాణం కొట్టుకుపోయింది. తలుపుకు చెవి ఆనించబోయాను. ఎట్టి రూపమునను అన్న మాట గుర్తొచ్చి, ఆనించలేదు.

ఇరవై ఒక్క నిమిషాలకు తలుపు తెరుచుకుంది. ప్లేటు అట్టలో భద్రంగా పెట్టి నాకప్పగించి, ఫారం మీద 'విన్నాను' అని సంతకం చేశాడు. ముఖం కడుక్కుని వచ్చినట్టుంది. అతను నన్నిప్పుడే విడిచి వెళ్ళిపోతాడని తెలిసి, హోదా గీదా మర్చిపోయి అతని చెయ్యి పట్టుకున్నాను.

"అప్పలనర్సయ్యా, పడిందా? వాన పడిందా?"

అప్పలనర్సయ్య నా వంక తేరిపార చూశాడు. శాలువా భుజమ్మీద సర్దుకున్నాడు. ఉన్న పళ్ళన్నీ కనపడేలా నవ్వాడు.

"తవరికెలాగ సెప్తాను బాబూ? తవరు నాన్ గెజిటెడ్ కదేటి!"

మేరీ సుజాత నవ్వలేక మెట్ల మీద కూలబడింది. అతను దండ చేత్తో పట్టుకుని, ఈల వేసుకుంటూ గేటు దాటాడు. ఆ ఈల రెండో వైపుదేమోనని నేను చెవులు మూసుకున్నాను.

నాకింకా రెండేళ్ళ ఏడు నెలల సర్వీసుంది.